నలభై ఒక్కరం

ఆ సీసా పగలగొట్టింది నేను కాదు. ఈ మాట ముందే చెప్పేస్తే గుండె కొంచెం తేలికవుతుందనుకున్నాను గానీ, ఆ రోజు కటికి జలపాతం దగ్గర మేం నలభై ఒక్కరం వరసగా ఇదే మాట అన్నాం. నేను కాదు. మా వాడు కాదు. మేం తాగింది కూల్‌డ్రింకే. ఎవరూ పగలగొట్టని ఆ సీసా పెంకు పన్నెండేళ్ళ కుర్రాడి అరికాల్లో రెండంగుళాల మేర దిగబడింది.

మాది విశాఖపట్నంలో ఒక మామూలు అపార్ట్‌మెంట్. ఏటా కార్తీకమాసంలో ఒక ఆదివారం అందరం కలిసి వనభోజనాలకి వెళ్తాం. ఒక ఏడు భీమిలి దారిలో జీడితోట, ఇంకో ఏడు తాటిపూడి జలాశయం గట్టు. కిందటేడు కుర్రాళ్ళు తోటలొద్దు, జలపాతం కావాలని పట్టుబట్టారు. ఎవరో ఫోన్లో పెట్టిన అర నిమిషం వీడియో చూసి పెద్దవాళ్ళం కూడా ఊఁ అనేశాం. అసోసియేషన్‌కి పెద్దని నేను, పైగా రిటైరైన సోషల్ మాస్టారిని. ఏర్పాట్లు నా నెత్తిన పడ్డాయని అప్పట్లో అందరితో చెప్పుకున్నాను. పడలేదు, నేనే ఎత్తుకున్నాను. పేర్లు రాయడం, డబ్బులు వసూలు చెయ్యడం, ఎవరు ఏ సీట్లో కూర్చోవాలో కాగితం మీద గీయడం నాకు సరదా.

కార్తీక వనభోజనం అంటే ఉసిరిచెట్టు నీడన విస్తరి పరుచుకుని తినడం. అడవిలో ఉసిరి దొరుకుతుందో లేదోనన్న అనుమానంతో మా వాళ్ళు కింద పార్కులో చెట్టు కొమ్మ విరిచి బస్సు డిక్కీలో పెట్టారు. మన్యంలోకి వెళ్తూ పట్నం నుంచి ఉసిరికొమ్మ మోసుకుపోయిన భక్తులం మేం. నేను నవ్వానే గానీ వద్దనలేదు.

ఇక విస్తళ్ళ సంగతి. ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, చెంచాలు 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషిద్ధం. ఆ వార్తని పేపర్లోంచి కత్తిరించి మా నోటీసు బోర్డుకి అతికించింది ఎవరనుకున్నారు, నేనే. కొట్లో "ఉన్నాయా?" అని గొంతు తగ్గించి అడిగితే, కొట్టువాడు అటూ ఇటూ చూసి లోపలి గదిలోంచి తెచ్చాడు. వంద ప్లేట్లు, రెండొందల గ్లాసులు, చెంచాల కట్టలు రెండు. అతన్ని ఏమీ అనను. అడిగినవాణ్ణి నేను.

బస్సు శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కింది. ఒక పక్క లోయ, ఇంకో పక్క కాఫీతోటలు, సిల్వర్‌ఓక్ మానుల్ని చుట్టుకుని పైకి పాకిన మిరియాల తీగలు. మలుపు మలుపుకీ కోతులు రోడ్డు మీదికి వచ్చి కూర్చున్నాయి. మా పిల్లలు చిప్స్ పేకెట్లు విసిరారు. పెద్దవాళ్ళం ఫొటోలు తీశాం.

బొర్రా గుహలు రాగానే నాలోని మాస్టారు నిద్ర లేచాడు. ఈ గుహల్ని విలియం కింగ్ అనే దొర కనుగొన్నాడని మైకులో చెప్పాను. ముప్పై ఏళ్ళు క్లాసులో ఇలాగే చెప్పాను. అంతకు ముందు ఇక్కడ బతికినవాళ్ళకి తమ ఊరి గుహ కనపడనే లేదా అని ఒక్క పిల్లాడూ నన్ను అడగలేదు, నన్ను నేనూ ప్రశ్నించుకోలేదు. ఆవు ఒకటి గుహ పైకప్పు బొరియలోంచి జారి లోపల పడిందనీ, దాన్ని వెతుక్కుంటూ దిగిన కాపరికి లింగం కనిపించిందనీ, ఆవు పొదుగులాంటి రాతి నుంచి నీరు కారడం వల్ల నదికి గోస్తని అన్న పేరు వచ్చిందనీ ఇక్కడివాళ్ళు చెప్పుకుంటారు. ఈ కథ కూడా చెప్పాను, "స్థలపురాణం" అని. కింగ్ దొరది చరిత్ర, కాపరిది పురాణం. ఆ రెండు మాటలూ అలా విడదీస్తున్నప్పుడు నాలిక ఎక్కడా తడబడలేదు.

బొర్రా నుంచి కటికికి బస్సు పోదు. జీపులు మాట్లాడుకోవాలి. రెండు జీపులు, ఒక్కొక్కటీ రెండేసి ట్రిప్పులు, రానూ పోనూ బేరం. మనిషి మీద మనిషి కూర్చుంటే ఒక్కో ట్రిప్పుకి పదిమంది పడతారు. ఒక్క ట్రిప్పులో మాత్రం పదకొండుమంది. నా కాగితంలో లెక్క పక్కాగా ఉంది.

జీపులు ఆగే చోట ఒక ముసలమ్మ గోనెపట్టా మీద కూర్చుని అడ్డాకులు కుడుతోంది. ఒక ఆకు మీద ఇంకో ఆకు వేసి, చీపురుపుల్ల లాంటి సన్నని ఈనెతో గుచ్చి, మిగిలిన ముక్క పుటుక్కున తుంచేస్తోంది. చూస్తుండగానే విస్తరి గుండ్రంగా తయారైపోయింది. నా పెళ్ళిలో విజయనగరంలో రెండు పూటలా అడ్డాకు విస్తళ్ళే. వేడి అన్నం పడగానే ఆకు నుంచి వచ్చే ఆ పచ్చి వాసన ఒక్కసారిగా గుర్తొచ్చింది. మా ఆవిడ కూడా ఆగింది.

"కట్ట తీసుకోమ్మా, పొద్దుటే కుట్టినవి," అంది ముసలమ్మ.

"తెచ్చేసుకున్నాం మామ్మా," అని మా ఆవిడ నా వంక చూసింది. నేను జీపు వంక చూశాను. అడ్డతీగ పాకే కొండ మీదికి ప్లాస్టిక్ ప్లేట్లు మోసుకొచ్చాం, అక్కడ అడ్డాకులు కుట్టే మనిషిని దాటుకుని వెళ్ళాం. కట్ట రెండు కప్పుల కాఫీ ఖరీదు చెయ్యదు.

కొంత దూరం జీపు, తర్వాత నడక. జలపాతం ఎంత బాగుందో రాయాలనిపించడం లేదు గానీ రాయకపోతే ఇంకో అబద్ధమవుతుంది. చెట్ల సందుల్లోంచి మొదట చప్పుడు వచ్చింది, దాని వెనకే చల్లగాలి. మలుపు తిరిగేసరికి కొండ చీలికలోంచి నీళ్ళు తెల్లగా దూకుతున్నాయి. తుంపర మీద ఎండ పడి చిన్న ఇంద్రధనుస్సు ఒకటి వచ్చీ పోతోంది. మా రెండో అంతస్తు పాప దాన్ని పట్టుకోవాలని చెయ్యి చాపింది. ఒక్క క్షణం అందరం నోరు మూసుకున్నాం. ఆ ఒక్క క్షణమే.

తర్వాత కాళ్ళ కిందకి చూశాం. మడుగు అంచున రాళ్ళ మధ్య షాంపూ పేకెట్లు, గుట్కా కవర్లు, ఒక డైపరు, ఒంటరి చెప్పు, మూతలున్న సీసాలు, మూతల్లేని సీసాలు. మాస్టారి అలవాటు కదా, ఒక బారెడు మేర లెక్కపెట్టడం మొదలుపెట్టి పదిహేడు దగ్గర ఆపేశాను. "ఛీ, జనం ఎంత పాడుచేశారో చూడండి," అన్నాను. అందరూ అవునన్నారు. "మన జనానికి సివిక్ సెన్స్ లేదు" అన్నవాడు ఆ మాట అంటూనే సిగరెట్ పీక నీళ్ళలో వేశాడు. తప్పు మాట్లాడేటప్పుడు మనం జనంలోంచి ఎంత తేలిగ్గా బయటికి వచ్చేస్తామో చెప్పడానికి ఇది రాస్తున్నాను. రెండు గంటల తర్వాత అక్కడ మా చెత్త ఏదో, జనం చెత్త ఏదో చెప్పగలిగేవాడు లేడు.

కుర్రాళ్ళు స్పీకరు తెచ్చారు. జలపాతం హోరులో పాట వినపడటం లేదని శబ్దం పెంచారు. నీళ్ళ చప్పుడు వినడానికి నాలుగు గంటలు ప్రయాణం చేసి వచ్చినవాళ్ళం, అది పాటకి అడ్డొస్తోందని విసుక్కున్నాం.

అప్పుడే ఆ కుర్రాడు కనిపించాడు. భుజాన గోతం, కాళ్ళకి చెప్పుల్లేవు. రాళ్ళ మీద లేడిపిల్లలా గెంతుతూ ఖాళీ సీసాలు ఏరుతున్నాడు. మంచిదే, శుభ్రమవుతోందనుకున్నాను. పిలిచి ఏ క్లాసని అడిగాను. ఏడు. ఆశ్రమ పాఠశాల, హాస్టల్ నుంచి ఇంటికి వచ్చాడట. ఊరుకుంటానా, "మీ జిల్లా ఎప్పుడు ఏర్పడింది?" అన్నాను. తడుముకోకుండా "2022 ఏప్రిల్ 4, అల్లూరి సీతారామరాజు జిల్లా, కేంద్రం పాడేరు," అన్నాడు. శెభాష్ అని తల నిమిరి, నా చేతిలోని ఖాళీ నీళ్ళ సీసా అతని గోతంలో వేశాను. చాలా ఉదారంగా వేసినట్టు గుర్తు.

భోజనాలయ్యాయి. ఉసిరికొమ్మని రెండు రాళ్ళ మధ్య నిలబెట్టి పూజ చేసి, ప్లాస్టిక్ ప్లేట్లలో పులిహోర తిన్నాం. తినేటప్పుడు మూడో అంతస్తాయన అడిగాడు, "మాస్టారూ, ఇక్కడ ఎకరం ఎంతుండొచ్చు? చిన్న కాటేజీలు రెండు వేస్తే ఎలా ఉంటుంది?"

ఈ ప్రశ్నకి జవాబు నాకు కంఠతా. ఇది అయిదో షెడ్యూలు ప్రాంతం. 1970 నాటి ఒకటో రెగ్యులేషన్, అందరూ వన్ ఆఫ్ సెవెంటీ అంటారే, దాని ప్రకారం ఇక్కడి భూమి గిరిజనేతరులకి పోవడానికి వీల్లేదు. 1997లో సుప్రీంకోర్టు సమత కేసులో ఇచ్చిన తీర్పు పుట్టింది ఈ అనంతగిరి మండలం ఊళ్ళలోని ఖనిజ తవ్వకాల మీదే. ప్రభుత్వం కూడా షెడ్యూలు ప్రాంతంలో ప్రైవేటు గనుల కంపెనీలకి లీజులివ్వకూడదని ఆ తీర్పు చెప్పింది. ఆ తీర్పు వచ్చిన ఏడు మా స్కూల్లో ప్రత్యేకంగా క్లాసు తీసుకున్నాను. చప్పట్లు కొట్టించాను కూడా.

ఇదంతా చెప్పి అక్కడితో ఆపేయొచ్చు. ఆపలేదు. "అయితే," అన్నాను, "చేసేవాళ్ళు చేస్తున్నారనుకోండి. ఇక్కడివాడి పేరు మీద పెట్టి, వెనకాల ఒక అగ్రిమెంటు రాసుకుంటారు." ఆయనకి ఆ ఉద్దేశం ఉందో లేదో గానీ, నాకు మాత్రం ఆ క్షణంలో అన్నీ తెలిసినవాడిగా కనపడాలని ఉంది. చట్టం నేర్పడానికి ముప్పై ఏళ్ళు పట్టింది, దాని కన్నం చూపించడానికి ముప్పై సెకన్లు పట్టలేదు. జీపు డ్రైవరు అయిదారడుగుల దూరంలో, మేం పెట్టిన ప్లేటు ఒళ్ళో పెట్టుకుని తింటున్నాడు. అతనిది ఇక్కడి ఊరే. తల ఎత్తలేదు. ముద్ద కలుపుతున్న చెయ్యి మాత్రం కాసేపు ఆగింది.

కుర్రాడు అరవలేదు. అరిచి ఉంటే ఇంకా ముందే చూసేవాళ్ళమేమో. మడుగు అంచున బండ మీద కూర్చుని కాలు నీళ్ళలో పెట్టుకుని వంగి చూసుకుంటుంటే మా ఆవిడ గమనించింది. నీళ్ళు అతని చీలమండ దాకా స్వచ్ఛంగా ఉన్నాయి, అక్కడి నుంచి ఎర్రటి పాయ ఒకటి విడివడి ప్రవాహంలో పల్చబడిపోతోంది. గోతం పక్కన పడి ఉంది. బీరు సీసా అడుగుభాగం, కిరీటంలా కోరలు తేలి, రెండు రాళ్ళ మధ్య నిలబడి ఉంది.

అప్పుడే "నేను కాదు"లు మొదలయ్యాయి.

ఫస్ట్ ఎయిడ్ పెట్టె బస్సులో ఉంది, బస్సు బొర్రాలో ఉంది. ఏర్పాట్ల జాబితాలో దాని పేరు పక్కన టిక్కు పెట్టింది నేనే, వెంట తీసుకెళ్ళాలని రాసుకోలేదు. ఎవరో వెళ్ళి చెప్పినట్టున్నారు, గట్టు దిగి అతని తల్లి వచ్చింది. మా వంక చూడలేదు. గడ్డిచామంతి ఆకు కోసి, రాతి మీద నలిపి, రసం పిండి, పిప్పిని గాయంలో నొక్కి, తన చీర అంచు చించి కట్టింది. కట్టిన గుడ్డ చూస్తుండగానే తడిసిపోయింది.

"కుట్లెయ్యాలి," అన్నాడు డ్రైవరు. "ఆస్పత్రికి తీసుకుపోవాల సార్."

ఇక్కడి నుంచి రాయడం కష్టంగా ఉంది.

మూడు దాటింది. చీకటి పడకముందే ఘాట్ దిగాలి. మొదటి ట్రిప్పుకి జీపులు రెండూ సిద్ధంగా ఉన్నాయి. మా చందాలోంచి తీసి, జేబుల్లోంచి ఇంకొంత కలిపి పదహారు వందల నలభై రూపాయలు తల్లి చేతిలో పెట్టాను. ఆమె తీసుకుంది. దణ్ణాలూ దీవెనలూ ఏమీ లేవు. "బాబూ, ఈ సీసాలు గెడ్డలో ఎయ్యకండి. కిందన మేం తాగేది ఇదే నీళ్ళు," అంది. తలలూపాం.

అప్పుడు నేను జేబులోంచి కాగితం తీసి పేర్లు చదివాను. మొదటి జీపు పదిమంది, రెండో జీపు పదిమంది. పిలిచినవాళ్ళు పిలిచినట్టు ఎక్కారు. డ్రైవరు స్టీరింగు పట్టుకుని కాసేపు దేనికోసమో ఎదురుచూస్తున్నట్టు కూర్చున్నాడు. దేనికోసం ఎదురుచూస్తున్నాడో నాకు తెలుసు. ఒక్కరు దిగితే కుర్రాడికి చోటు, ఇద్దరు దిగితే తల్లికి కూడా. దిగమని నేను అనలేదు, నేను దిగుతానని ఎవరూ అనలేదు. "రానూ పోనూ మాట్లాడుకున్నాం కదా," అని వెనక సీట్లోంచి ఎవరో అన్నారు. గొంతు ఎవరిదో నాకు తెలుసు, చెప్పను. నా మనసులో ఉన్న మాటే అది. జీపులు వెళ్ళాయి, వచ్చాయి, మళ్ళీ మమ్మల్ని ఎక్కించుకుని వెళ్ళాయి. ఆఖరి ట్రిప్పులో పదకొండోవాడిగా ఇరుక్కుని కూర్చున్నది నేను. నలభై ఒక్కరం భద్రంగా బొర్రా చేరాక ఖాళీ జీపు కుర్రాడి కోసం వెనక్కి పోయింది. గంట మీద ఇరవై నిమిషాలు ఆ పిల్లాడు బండ మీద కాలెత్తి పెట్టుకుని కూర్చున్నాడు.

మన్యంలో గర్భిణుల్ని డోలీలో మోసుకొస్తున్నారన్న వార్త పేపర్లో వచ్చినప్పుడల్లా నేను ప్రభుత్వాన్ని తిట్టేవాణ్ణి. రోడ్డు లేదు, బండి లేదు, ఎవడికీ పట్టదు అని. నోటీసు బోర్డు మీద అలాంటి వార్త కూడా ఒకటి అతికించాను. కటికి దగ్గర రోడ్డుంది, బండి ఉంది, డ్రైవరున్నాడు, డీజిలు ఉంది. మేం కూర్చున్నాం, అంతే.

తిరుగుదారిలో బస్సులో ఎవరూ ఎక్కువ మాట్లాడలేదు. కొందరు పశ్చాత్తాపమనుకున్నారు. నాకైతే అది ఒకరినొకరు చూసుకోకుండా ఉండే ఉపాయంలా అనిపించింది. శృంగవరపుకోటలో టీకి ఆగాక మాటలు మళ్ళీ మామూలయ్యాయి.

ఇంటికి వచ్చి చేతులు కడుక్కుంటూ కుళాయి కింద కాసేపు నిలబడిపోయాను. మా వీధికి వచ్చేవి తాటిపూడి నీళ్ళు. తాటిపూడి గోస్తని మీదే కట్టారు, 1960ల్లో. కటికి దగ్గర దూకిన నీళ్ళే కొండ దిగి, ఊళ్ళు దాటి, అక్కడ ఆగి, పైపుల్లో మా ఇంటికి వస్తాయి. ఇది కూడా నేను పాఠంగా చెప్పినదే, బోర్డు మీద నీలం సుద్దముక్కతో నది గీసి. దాన్ని గురించి మా ఆవిడతో అంటే, "మన దగ్గర ఫిల్టరుంది కదా," అంది. తర్వాత తనే, "వాళ్ళ దగ్గర లేదు కదా," అంది. ఆ రాత్రి ఇద్దరం సరిగా తినలేదు. మర్నాడు తిన్నాం.

వారం తర్వాత డ్రైవరుకి ఫోన్ చేశాను. ఏడు కుట్లు పడ్డాయన్నాడు. హాస్టల్‌కి ఇంకా పోలేదట. "బానే ఉంటాడు సార్, మీరేం అనుకోకండి," అని నన్ను ఓదార్చాడు. సీటు గురించి నేను ఎత్తలేదు, అతనూ ఎత్తలేదు.

మా కుర్రాళ్ళు ఆ రోజుది ఒక వీడియో చేశారు. పాట, నీళ్ళు, రెండో అంతస్తు పాప ఇంద్రధనుస్సు కోసం చాపిన చెయ్యి. చివర తొమ్మిది సెకన్లలో కెమెరా పక్కకి తిరిగితే బండ మీద కుర్రాడు, నీళ్ళలో ఎర్రటి పాయ. గ్రూపులో పెట్టే ముందు నాకు చూపించారు. "చివర కత్తిరించండి, బాగాలేదు," అన్నాను. కత్తిరించారు. కత్తిరించనిది నా ఫోన్లో ఉంది.

ఈ ఏడు కార్తీకానికి అదే వీడియో పెట్టి పేర్లడిగారు. కిందటేడు ఏం జరిగిందో రాయాలని పెద్ద సందేశం ఒకటి మొదలుపెట్టి, పెద్దవాళ్ళు నొచ్చుకుంటారని సగంలో చెరిపేశాను. అడ్డాకు విస్తళ్ళే వాడదామని మాత్రం రాశాను. పదిహేనుమంది చప్పట్ల బొమ్మ పెట్టారు. కుట్టించి తెచ్చేవాళ్ళెవరని నేను అడగలేదు, ఎవరూ చెప్పలేదు. మొన్న సాయంత్రం డ్రైవరే ఫోన్ చేశాడు. సీజను మొదలైంది, ముందే చెబితే జీపులు ఆపి ఉంచుతానన్నాడు. కుర్రాడు ఎనిమిదికి వచ్చాడట, నడక కొంచెం తేడాగా ఉందట.

"రెండు చాలా సార్, మూడుంచమంటారా?"

ఈసారి యాభై ఆరు పేర్లు వచ్చాయి. మూడు ఉంచమన్నాను.